బోరు దగ్గరే మొదలయ్యే పరీక్ష: ఫ్లోరైడ్ ప్రాంతంలో నీటి నమూనాలు తీయడం, ఫలితాలు చదవడం

భూగర్భ శాస్త్రంలో పీజీ పూర్తిచేసి, నల్లగొండ జిల్లా పశ్చిమ మండలాల్లో ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున బోర్ల నీటిని పరీక్షిస్తున్న మీరు రెండు ప్రశ్నలు అడిగారు. ఒకే బోరు నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు ఉందని చేతి కిట్టు, 3.4 మిల్లీగ్రాములు ఉందని ప్రయోగశాల చెప్పినప్పుడు దేనిని నమ్మాలన్నది మొదటిది. ఒక పీహెచ్ మీటరు, ఒక టీడీఎస్ (నీటిలో కరిగిన మొత్తం లవణాల) పెన్ను, ఆ కిట్టు మాత్రమే చేతిలో ఉన్నప్పుడు ఈ పనిని పద్ధతిగా ఎలా నేర్చుకోవాలన్నది రెండవది. మొదటిదానికి కారణం బహుశా కిట్టులోనే ఉంది, ఆ సంగతి దాని చోట చెబుతాను. రెండవదానికి సమాధానం పొడవైనది. ఎందుకంటే, నేను చూసినంతవరకు, తప్పుడు ఫలితాల్లో ఎక్కువ భాగం ప్రయోగశాలలో కాక, నీరు బోరులో నుంచి సీసాలోకి చేరే దారిలోనే పుడుతున్నాయి. అక్కడ జరిగిన పొరపాటును ఆ తరువాత ఎంత ఖరీదైన యంత్రమూ సరిదిద్దలేదు.

ముందుగా మీరు తిరుగుతున్న నేల గురించి. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు అడుగున ఉన్నవి గ్రానైటు, నైస్ రాళ్లు. పైన శిథిలమైన మెత్త రాయి, దాని కింద పగుళ్లు ఉన్న గట్టి రాయి ఉంటాయి, నీరు ఈ రెండింటిలోనూ నిలుస్తుంది. ఆ రాళ్లలోని ఫ్లోరైట్, అపటైట్, బయోటైట్ వంటి ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నీటిలో కలుస్తుంది. తెలుగు నేలకు ఈ సమస్య కొత్తది కాదు. దేశంలో ఫ్లోరోసిస్‌ను, అంటే ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బును, వైద్యులు మొదటిసారిగా 1937లో నివేదించింది నాటి నెల్లూరు జిల్లాలోని దర్శి, కనిగిరి, పొదిలి ప్రాంతాల నుంచే. మీ మండలాలకు ఇప్పుడు మిషన్ భగీరథ ద్వారా శుద్ధిచేసిన కృష్ణా నీరు అందుతున్నా, పొలానికీ పశువులకూ బోరు నీరే దిక్కు; సరఫరా ఆగిన రోజున వంటింట్లోకి వచ్చేది కూడా అదే. కాబట్టి మీ పనికి అవసరం తీరిపోలేదు.

బోరు దగ్గరకు వెళ్లగానే సీసా మూత తీయకండి, ముందు పుస్తకం తీయండి. బోరు ఎప్పుడు వేయించారు, ఎన్ని అడుగుల లోతు, కేసింగు ఎంతవరకు దించారు, నీళ్లు ఎన్ని అడుగుల దగ్గర పడ్డాయి, మోటారు ఏ లోతులో ఉంది, రోజుకు ఎన్ని గంటలు నడుస్తుంది, ఎండాకాలంలో నీళ్లు ఆగి ఆగి వస్తాయా అన్నవి యజమానిని అడిగి రాయండి. బోరు వేయించినందుకు అప్పు తీర్చిన రైతుకు ఈ అంకెలు బాగా గుర్తుంటాయి. చుట్టూ ఇరవై ముప్పై మీటర్ల లోపల పశువుల కొట్టం, పెంటకుప్ప, మరుగుదొడ్డి గుంత, మురుగు కాలువ ఉన్నాయేమో చూసి దూరం, దిక్కు రాయండి. బోరు పేరుగా యజమాని పేరు ఒక్కటే రాస్తే, పొలం చేతులు మారిన రెండేళ్లకు అది ఏ బోరో ఎవరికీ తెలియదు. సర్వే నంబరు, అక్షాంశ రేఖాంశాలు తప్పకుండా ఉండాలి. అక్షాంశాలను అందరూ దశాంశాల్లోనే రాయాలని మీ బృందంలో ముందే ఒక మాట అనుకోండి, లేకుంటే డిగ్రీలు, నిమిషాలు, దశాంశాలు కలగలిసి పటంలో మీ బోర్లు పక్క మండలంలో తేలుతాయి.

ఈ వివరాలను ఇంతగా పట్టుబట్టి రాయమనడానికి కారణం ఉంది. మన గట్టి రాతి ప్రాంతంలో ఒక బోరు నుంచి వచ్చేది ఒకే నీరు కాదు. మోటారు వేసిన మొదటి నిమిషాల్లో గొట్టంలోను, బోరులోను నిలిచి ఉన్న నీరు వస్తుంది. ఆ తరువాత పై పొరల నీరు, లోతు పగుళ్ల నీరు కలిసి వస్తాయి. ఎక్కువసేపు నడిచి మట్టం దిగిపోతే పై పొర వంతు తగ్గి, రాతిలో ఎక్కువ కాలం ఉన్న లోతు నీటి వంతు పెరుగుతుంది. అందుకే ఒకే బోరు నుంచి మే నెలలో తీసిన నమూనా, నవంబరులో తీసిన నమూనా వేరువేరు ఫలితాలు ఇవ్వవచ్చు, అందులో రెండూ నిజమే కావచ్చు. మోటారు ఎంతసేపు నడిచాక తీశారో రాయని నమూనాను ఏ మట్టానికి, ఏ ఋతువుకు సంబంధించినదని చదవాలో చెప్పడం కష్టం.

నిలవ నీటిని ఎంత తోడేయాలన్నదానికి పుస్తకాలు చెప్పే సూత్రం బోరులో ఉన్న నీటి పరిమాణానికి మూడు రెట్లు. మన దగ్గర సాధారణమైన ఆరున్నర అంగుళాల బోరులో ఒక మీటరు పొడవుకు సుమారు 21 లీటర్ల నీరు పడుతుంది. నీటి మట్టం 20 మీటర్ల దగ్గర, అడుగు 90 మీటర్ల దగ్గర ఉందనుకుంటే 70 మీటర్ల నిలువుకు దాదాపు 1,500 లీటర్లు, మూడు రెట్లంటే 4,500 లీటర్లు. నిమిషానికి 90 లీటర్లు పోసే మోటారుకు ఇది యాభై నిమిషాల పని. పొద్దుటి నుంచి నడుస్తున్న వ్యవసాయ బోరుకు ఇంత లెక్క అక్కరలేదు. నడవని బోరుకు మాత్రం ఈ లెక్క వేయాలి, దానితోపాటు ఇంకొక పరీక్ష కూడా పెట్టుకోవాలి: ఐదు నిమిషాలకొకసారి ఉష్ణోగ్రత, పీహెచ్, విద్యుత్ వాహకత కొలిచి, వరుసగా మూడు కొలతల్లో పీహెచ్ 0.1కి మించి, వాహకత 3 శాతానికి మించి మారకపోతే నీరు స్థిరపడిందని తీసుకోవచ్చు. నాకు ఈ రెండవ పద్ధతి మీదే నమ్మకం ఎక్కువ, ఎందుకంటే మూడు రెట్ల లెక్క యజమాని చెప్పిన లోతు మీద ఆధారపడుతుంది, స్థిరపడడం మీ కళ్ల ముందే కనిపిస్తుంది. తోడుతుంటే ఎండిపోయే బలహీనమైన బోర్లలో మాత్రం రెండూ సాగవు. ఒకసారి ఖాళీ చేసి, మళ్లీ ఊరిన నీటిని తీసి, ఆ సంగతి స్పష్టంగా రాయడమే మార్గం.

చేతిపంపు దగ్గర ఇంకొక చిక్కు ఉంది. లోపలి ఇనుప గొట్టాలు తుప్పు పట్టి ఉంటే మొదటి బకెట్లలో ఎర్రని నీరు వస్తుంది, దానిని సీసాలో పట్టి పంపితే భూమిలో లేని ఇనుము, జింకు కాగితం మీదకు ఎక్కుతాయి. నీరు తేటపడి, వాహకత నిలకడగా వచ్చేవరకు కొట్టించాలి. మోటారు బోరయితే ట్యాంకు నుంచి కాక, ట్యాంకుకు ముందున్న గొట్టం నుంచి నమూనా తీయాలి. ట్యాంకు నీరు గాలి సోకిన నీరు, చాలా చోట్ల బ్లీచింగు పౌడరు కలిసిన నీరు కూడా.

ఇక మీటర్లు. టీడీఎస్ పెన్ను కరిగిన లవణాలను తూచదు. అది నీటి విద్యుత్ వాహకతను కొలిచి, తయారీదారు ఎంచుకున్న ఒక గుణకంతో గుణించి చూపిస్తుంది. ఆ గుణకం కొన్ని పెన్నుల్లో 0.5, కొన్నింట్లో 0.7 దగ్గర. పొటాషియం క్లోరైడ్‌తో చేసిన, వాహకత 1413 మైక్రోసీమెన్స్ (సెంటీమీటరుకు) ఉండే ప్రామాణిక ద్రావణంలో ఒక పెన్ను సుమారు 700, మరొక పెన్ను సుమారు 1,000 చూపించినా రెండూ చెడిపోనట్లే. అందువల్ల ఎప్పుడూ వాహకతనే, 25 డిగ్రీల ఉష్ణోగ్రతకు సరిచేసిన విలువగా రాయండి. టీడీఎస్ కావాలంటే తరువాత 0.64తో గుణించి అంచనా అని పేర్కొనండి. ఉష్ణోగ్రత సవరణ లేని చవక మీటరయితే ఒక్కో డిగ్రీకి సుమారు 2 శాతం తేడా వస్తుంది, 30 డిగ్రీల బోరు నీటికి అది 10 శాతం. అన్నిటికన్నా ముఖ్యంగా, లీటరుకు మూడు మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఈ పెన్నుకు కనిపించదు. ఏడువందల మిల్లీగ్రాముల లవణాల్లో మూడు మిల్లీగ్రాముల వంతు ఎంత? శుద్ధి యంత్రాలు అమ్మేవారు ఇంటింటికీ వచ్చి పెన్ను పెట్టి భయపెట్టడం, ఇనుప కడ్డీలు ముంచి కరెంటు పెట్టి నీటిని గోధుమ రంగుకు తెప్పించడం మీరు చూసే ఉంటారు. ఆ రంగు కడ్డీలోని ఇనుము కరిగి వచ్చినది, నీటిలో ముందునుంచీ ఉన్న మలినం కాదు.

పీహెచ్ మీటరును ఏ రోజుకారోజు 7, 10 విలువల బఫర్లతో, అంటే పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలతో సరిచేయాలి, ఎందుకంటే ఇక్కడి నీరు సాధారణంగా ఏడుకు పైనే ఉంటుంది. 4, 7 బఫర్లతో సరిచేసి 8.2 కొలవడం సరికాదు. 10 విలువ బఫరు గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని త్వరగా పాడవుతుంది, ఎండలో కారులో వదిలేసిన సీసాను నమ్మవద్దు, వాడినదాన్ని తిరిగి సీసాలో పోయవద్దు. ఎలక్ట్రోడును ఎండబెట్టకుండా దాని నిల్వ ద్రావణంలోనే ఉంచాలి.

బోరు దగ్గరే చేయక తప్పని కొలతలు నాలుగు: ఉష్ణోగ్రత, పీహెచ్, వాహకత, క్షారత్వం (ఆమ్లాన్ని తటస్థం చేసే నీటి శక్తి). మొదటి మూడింటిని అందరూ ఒప్పుకుంటారు, నాలుగవదాన్ని చాలామంది ప్రయోగశాలకు వదిలేస్తారు. భూమి లోపలి నీటిలో గాలిలో కన్నా ఎక్కువ బొగ్గుపులుసు వాయువు కరిగి ఉంటుంది. బయటకు రాగానే అది తప్పించుకుంటుంది, పీహెచ్ పెరుగుతుంది, కాల్షియం కార్బనేటు సన్నని పొడిగా సీసా గోడలకు అంటుకుంటుంది. వారం తరువాత ప్రయోగశాల కొలిచే క్షారత్వం, కాల్షియం రెండూ ఆ మేరకు తగ్గిన విలువలే. క్షారత్వం కొలవడానికి పెద్ద సామగ్రి అవసరం లేదు. ఒక బ్యూరెట్టు లేదా గుర్తులున్న సిరంజి, 0.02 నార్మల్ గంధకామ్లం, మిథైల్ ఆరెంజ్ చాలు. వంద మిల్లీలీటర్ల నమూనాకు పసుపు రంగు నారింజగా మారేవరకు పట్టిన ఆమ్లం ఒక్కో మిల్లీలీటరుకు, కాల్షియం కార్బనేటు లెక్కలో లీటరుకు 10 మిల్లీగ్రాముల క్షారత్వం అన్నమాట. ఆ విలువను 1.22తో గుణిస్తే బైకార్బనేటు వస్తుంది. ఒక రోజు ప్రయత్నిస్తే చేతికి అలవాటయ్యే పని ఇది, దీని విలువ మీకు ఫలితాలు చదివేటప్పుడు తెలుస్తుంది.

సీసాల విషయంలో ఒక్కో బోరుకు కనీసం రెండు ఉండాలి. ఒకటి ప్లాస్టిక్ సీసా, నీటితో రెండు మూడుసార్లు కడిగి, గాలి బుడగ లేకుండా నింపినది. ఫ్లోరైడ్, క్లోరైడ్, సల్ఫేట్, నైట్రేట్ దాని నుంచి చూస్తారు. నైట్రేట్ కోసం దాన్ని ఐసు పెట్టెలో ఉంచి రెండు రోజుల లోపల చేర్చాలి. రెండవది లోహాల కోసం: 0.45 మైక్రాన్ల వడపోత గుండా పంపి, ఆ తరువాతే శుద్ధమైన నత్రికామ్లం చుక్కలు వేసి పీహెచ్ 2 కంటే తగ్గించాలి. ఈ వరుస తారుమారైతే, అంటే బురద నీటిలో ముందు ఆమ్లం పోస్తే, మట్టి రేణువులకు అంటుకున్న ఇనుము కూడా కరిగి ఫలితంలోకి వస్తుంది. నత్రికామ్లం పోసిన సీసాలో నైట్రేట్ పరీక్ష చేయమని పంపిన సందర్భాలు నాకు తెలుసు. ఆ ఫలితం చూసి ఊరంతా ఆందోళన పడింది. సీసా మీద ‘ఆమ్లం కలిపినది’ అని పెద్దగా రాయండి. రాయడం సీసా ఒంటి మీద, అంటించిన టేపు మీద, పెన్సిలుతో ఉండాలి. మార్కరు సిరా ఐసు తడికి చెరిగిపోతుంది, మూత మీద రాసినది మూతలు మారిన క్షణంలో పనికిరాకుండా పోతుంది.

సూక్ష్మక్రిముల పరీక్షకు వేరే సీసా, వేరే జాగ్రత్త కావాలి. క్రిమిరహితం చేసిన సీసా, క్లోరిన్ ఉన్న నీటికి ఆ క్లోరిన్‌ను పోగొట్టే సోడియం థయోసల్ఫేట్, ఐసులో ఉంచి వీలైతే ఆరు గంటల్లో, తప్పనిసరైతే 24 గంటల్లో పరీక్ష. ఇప్పుడు గ్రామాల్లో పంచుతున్న హైడ్రోజన్ సల్ఫైడ్ సీసాలు నల్లబడితే కలుషితానికి అనుమానం ఉన్నట్లు మాత్రమే చదవండి. కొన్ని లోతు బోర్లలో సహజంగా ఉండే గంధకపు వాసన గల వాయువు కూడా వాటిని నల్లగా మార్చగలదు.

ఇప్పుడు మీ 1.5, 3.4ల సంగతి. రంగు చూసే ఫ్లోరైడ్ కిట్లలో ఎక్కువ భాగం జిర్కోనియంతో కలిసిన ఎర్ర రంగు పదార్థం మీద పనిచేస్తాయి. ఫ్లోరైడ్ ఆ జిర్కోనియంను లాక్కోవడంతో రంగు వెలిసిపోతుంది. ఆ వెలిసిపోవడానికి ఒక హద్దు ఉంది, అది దాటాక ఫ్లోరైడ్ రెండున్నా నాలుగున్నా కంటికి ఒకే రంగు. మీ కిట్టు రంగుల పట్టీలో చివరి గడి 1.5 అయితే, మీరు చూసింది ‘1.5’ కాదు, ‘1.5 లేదా అంతకన్నా ఎక్కువ’. అదే నీటిని ఒక వంతుకు మూడు వంతుల స్వేదనజలం కలిపి మళ్లీ పరీక్షించి, వచ్చిన విలువను నాలుగుతో గుణించండి. ప్రయోగశాల చెప్పిన 3.4 నిజమైతే పలుచన చేసిన నీటిలో 0.8, 0.9 మధ్య రంగు కనిపించాలి. ఫ్లోరైడ్ ప్రాంతంలో ప్రతి నమూనాను పలుచన చేయకుండా ఒకసారి, చేసి ఒకసారి చూడడం అలవాటు చేసుకుంటే ఈ గందరగోళం మళ్లీ రాదు.

ఈ కిట్టును తప్పుదారి పట్టించేవి ఇంకా రెండున్నాయి. క్లోరిన్ తానే ఆ రంగును వెలిసిపోయేలా చేస్తుంది కనుక బ్లీచింగు పౌడరు కలిపిన ట్యాంకు నీటిలో లేని ఫ్లోరైడ్ కనిపిస్తుంది. పటికలోని అల్యూమినియం దీనికి వ్యతిరేకం. అది ఫ్లోరైడ్‌ను తనతో కట్టిపడేసి ఉన్నదాన్ని దాచేస్తుంది. ఫ్లోరైడ్ తొలగించడానికి నాగపూరులోని నీరీ (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన) సంస్థ రూపొందించిన, మీ జిల్లా పేరుతోనే ప్రసిద్ధమైన నల్లగొండ పద్ధతిలో వాడేవి పటిక, సున్నం, బ్లీచింగు పౌడరు. ఆ పద్ధతితో శుద్ధిచేసిన నీటిని రంగు కిట్టుతో పరీక్షించి ‘ఫ్లోరైడ్ పోయింది’ అనడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి గ్రహించండి. అటువంటి నీటికి ఫ్లోరైడ్ ఎలక్ట్రోడు కావాలి, అందులోనూ అల్యూమినియం పట్టు నుంచి ఫ్లోరైడ్‌ను విడిపించే బఫరును నమూనాతో సమానంగా కలిపిన తరువాతే కొలవాలి.

ప్రయోగశాలను కూడా గుడ్డిగా నమ్మనక్కరలేదు. గుర్తింపు ఉందా అని అడగడంతో ఆగకండి, మీకు కావలసిన ప్రతి అంశానికీ ఆ గుర్తింపు వర్తిస్తుందా అని అడగండి. పది నమూనాలకు ఒకటి చొప్పున అదే బోరు నీటిని వేరే నంబరుతో పంపండి. అప్పుడప్పుడు మీరే తయారుచేసిన లీటరుకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్ ద్రావణాన్ని బోరు నమూనాలాగే పేరు పెట్టి పంపండి. ప్రయోగశాలవారు నొచ్చుకుంటారేమో అని మొహమాటపడవద్దు, మంచి ప్రయోగశాల దీన్ని ఆశిస్తుంది.

వీటన్నిటికన్నా బలమైన తనిఖీ కాగితం మీద చేసేది. నీటిలో ధన అయాన్ల మొత్తం, ఋణ అయాన్ల మొత్తం మిల్లీ ఈక్వివలెంట్లలో, అంటే విద్యుదావేశం లెక్కలో, సమానంగా ఉండి తీరాలి. లెక్క చూపడానికి నేను అల్లిన ఒక ఫలితాన్ని తీసుకుందాం. మీ వైపు నీళ్ల పోలిక దీనిలో ఉంటుంది. వాహకత 1120 మైక్రోసీమెన్స్, పీహెచ్ 8.1; లీటరుకు మిల్లీగ్రాముల్లో కాల్షియం 24, మెగ్నీషియం 22, సోడియం 190, పొటాషియం 4, బైకార్బనేటు 427, క్లోరైడ్ 99, సల్ఫేట్ 34, నైట్రేట్ 31, ఫ్లోరైడ్ 3.4. కాల్షియంను 20.04తో, మెగ్నీషియంను 12.15తో, సోడియంను 22.99తో, పొటాషియంను 39.1తో భాగిస్తే వరుసగా 1.20, 1.81, 8.26, 0.10, మొత్తం 11.37. బైకార్బనేటును 61.02తో, క్లోరైడ్‌ను 35.45తో, సల్ఫేట్‌ను 48.03తో, నైట్రేట్‌ను 62తో, ఫ్లోరైడ్‌ను 19తో భాగిస్తే 7.00, 2.79, 0.71, 0.50, 0.18, మొత్తం 11.18. తేడాను రెండింటి మొత్తంతో భాగిస్తే ఒక శాతం కూడా లేదు. ఐదు శాతం వరకు ఒప్పుకోవచ్చు. వాహకతను వందతో భాగిస్తే సుమారుగా ఈ మొత్తాలే రావాలి; ఇక్కడ 11.2 వచ్చింది, ఇది రెండవ సాక్ష్యం. మీ పెన్ను, మీ బ్యూరెట్టు, ప్రయోగశాల యంత్రం వేరువేరుగా ఇచ్చిన అంకెలు ఇలా ఒకదానికొకటి సాక్ష్యం చెప్పినప్పుడే వాటిని చదవడం మొదలుపెట్టాలి. ఒక హెచ్చరిక: తేడా సరిగ్గా సున్నా వస్తే సంతోషించకండి, సోడియంను కొలవకుండా మిగిలిన లోటును దాని పేర రాసి ఉండవచ్చు.

ఇక ఆ నీటిని చదువుదాం. తాగునీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం మొత్తం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల వరకు ఆమోదనీయం, ప్రత్యామ్నాయం లేనప్పుడు 600 వరకు అనుమతి. మన నీటిలో కాల్షియంను 2.497తో, మెగ్నీషియంను 4.118తో గుణించి కలిపితే 150 మాత్రమే. క్లోరైడ్ 250 లోపలే ఉంది. నైట్రేట్ 45 లోపలే ఉంది, దానికి అనుమతి సడలింపు లేదు. టీడీఎస్ 717 అంచనా, 500కు పైన, 2,000కు లోపల. ఈ నీటిలో సబ్బు బాగా నురగ ఇస్తుంది, పప్పు త్వరగా ఉడుకుతుంది, నోటికి ఉప్పదనం తెలియదు. ఊరి వారు దీన్ని మంచినీళ్ల బోరు అంటారు. ఫ్లోరైడ్ మాత్రం 1.0 ఆమోదనీయ పరిమితిని, 1.5 అనుమతి పరిమితిని రెండింటినీ దాటి 3.4 దగ్గర ఉంది.

ఇది యాదృచ్ఛికం కాదు, ఈ ప్రాంతపు రసాయనమే అలాంటిది. కాల్షియం, ఫ్లోరైడ్ కలిస్తే ఫ్లోరైట్ అవుతుంది, దాని కరిగే గుణం చాలా తక్కువ. నీటిలో కాల్షియం ఎక్కువగా ఉంటే ఫ్లోరైడ్ ఒక మేరకు మించి పెరగలేదు. రాతితో ఎక్కువ కాలం కలిసి ఉన్న నీటిలో బైకార్బనేటు, పీహెచ్ పెరుగుతాయి, దాంతో కొంత కాల్షియం కార్బనేటు రూపంలో నీటి నుంచి విడిపోతుంది, బంకమట్టి ఖనిజాలు మిగిలిన కాల్షియంను పట్టుకుని సోడియంను వదులుతాయి. కాల్షియం తగ్గిన ఆ నీటిలో ఫ్లోరైడ్‌కు అడ్డు తొలగిపోతుంది. కాబట్టి సోడియం, బైకార్బనేటు ఎక్కువై కాల్షియం తక్కువైన నీరు కనిపిస్తే, ఫ్లోరైడ్ ఫలితం రాకముందే అనుమానించండి. పప్పు ఉడకని గరుకు నీళ్లను దూరం పెట్టి, పప్పు మెత్తగా ఉడికే బోరును తాగడానికి ఎంచుకున్న ఇళ్లలో ఎక్కువ ఫ్లోరైడ్ దొరకడం వెనుక ఉన్న కారణం ఇదే.

ఇదే నీరు పొలానికి ఎలా ఉంటుందన్నది వేరే ప్రశ్న. బైకార్బనేటు 7.00 నుంచి కాల్షియం, మెగ్నీషియంల మొత్తం 3.01 తీసేస్తే మిగులు సోడియం కార్బనేటు లీటరుకు దాదాపు 4.0 మిల్లీ ఈక్వివలెంట్లు; అది 2.5 దాటితే సాగుకు పనికిరాదని సాధారణ లెక్క. ఏళ్ల తరబడి పారిస్తే నల్లరేగడి బిగుసుకుపోయి చౌడు తేలుతుంది, ఇసుక పాలు ఎక్కువైన ఎర్ర చెలక కొంత ఓర్చుకుంటుంది. ఈ లెక్కలో కీలకమైన బైకార్బనేటు విలువ మీరు బోరు దగ్గర కొలిచిన క్షారత్వం నుంచే రావాలి.

నైట్రేట్ కథ వేరు, అది రాతి నుంచి రాదు. నైట్రేట్, క్లోరైడ్, పొటాషియం మూడూ చుట్టుపక్కల బోర్లకంటే ఒకే బోరులో ఎక్కువగా ఉంటే మీ పుస్తకంలో రాసుకున్న మరుగుదొడ్డి గుంత, పశువుల కొట్టం దూరాన్ని చూడండి. పొలం మధ్యలో నైట్రేట్ మాత్రమే పెరిగితే యూరియా వైపు చూడండి. ఫలితం ‘నైట్రేట్’గా ఉందా, ‘నైట్రేట్ రూపంలోని నత్రజని’గా ఉందా అన్నది ముందే తేల్చుకోవాలి; రెండవది 10 అంటే మొదటి లెక్కలో సుమారు 44. చాలా కిట్లు నత్రజనినే చూపిస్తాయి, 12 వచ్చిందని హాయిగా ఊపిరి పీల్చుకునేవారు నిజానికి పరిమితి దాటిపోయి ఉంటారు.

మీరు రేపు కృష్ణా, గోదావరి డెల్టాల వైపు పనికి వెళ్తే ఈ చూపును మార్చుకోవాలి. అక్కడి ఉప్పు నీరంతా నేటి సముద్రం చొచ్చుకు రావడం వల్ల వచ్చినదని అనుకోకూడదు. పూర్వం సముద్రం ఉన్నచోట మట్టి పొరల్లో నిలిచిపోయిన ఉప్పు నీరూ ఉంది, తీరంలో చేపల, రొయ్యల చెరువుల ప్రభావమూ ఉంది. సముద్రపు నీటిలో సోడియం, క్లోరైడ్‌ల మోలార్ (అయాన్ల సంఖ్యల) నిష్పత్తి సుమారు 0.86, ఉప్పు నీరు కొత్తగా ప్రవేశిస్తున్న పొరలో సోడియంను మట్టి పట్టుకోవడంతో ఈ నిష్పత్తి ఇంకా తగ్గి, కాల్షియం పెరుగుతుంది. ఒక్క వాహకత విలువతో ఈ తేడా తెలియదు. అలాగే శ్రీకాకుళం ఉద్దానంలో మూత్రపిండాల జబ్బుకు కారణం ఇన్ని అధ్యయనాల తరువాత కూడా తేలలేదు. అక్కడి బోరు నీటిలో ఏదో ఒక మూలకం కాస్త ఎక్కువగా కనిపించగానే దాన్ని కారణంగా ప్రకటించే తొందర మీకు రాకూడదు.

నీటి నాణ్యత సూచిక అని అన్ని అంశాలనూ కలిపి ఒకే అంకెగా చెప్పే పద్ధతి ఇప్పుడు పరిశోధన పత్రాల్లో చాలా ప్రచారంలో ఉంది. నాకు దాని మీద సదభిప్రాయం లేదు. పైన చూసిన నీటికి, ఏ అంశానికి ఎంత బరువు ఇచ్చారన్నదాన్నిబట్టి ‘మంచిది’ అన్న తరగతి కూడా రావచ్చు. పళ్లు ఏర్పడే వయసులో ఉన్న పిల్లవాడికి అందులోని 3.4 ఒక్కటే ముఖ్యం. జలశాస్త్రజ్ఞుడు పైపర్ 1944లో ఇచ్చిన, అయాన్ల వంతులను చూపే త్రిభుజాల పటం మీద మీ బోర్లన్నిటినీ గుర్తించడం ఇంతకన్నా ఎక్కువ నేర్పుతుంది, ఏ బోరు తన ఇరుగుపొరుగు నుంచి విడిపోయిందో అందులో కంటికి కనబడుతుంది.

సాధన కోసం ముందుగా నాలుగు పనులు చేయండి. మీకు దగ్గరలో, యజమాని ఓపికగల ఒక బోరును ఎంచుకుని, మోటారు వేసిన క్షణం నుంచి గంటసేపు ఐదు నిమిషాలకొకసారి వాహకత, పీహెచ్ కొలిచి గ్రాఫు గీయండి. బోరు తోడడం అంటే ఏమిటో ఆ గీత చూపినంత స్పష్టంగా ఏ పాఠమూ చూపదు. అదే రోజు ఒక గ్లాసు నీటిని మూత లేకుండా బల్ల మీద పెట్టి, సాయంత్రం వరకు పీహెచ్ ఎలా పెరుగుతుందో రాయండి. అదే బోరును మేలో, ఆగస్టులో, నవంబరులో, జనవరిలో మళ్లీ పరీక్షించండి. ఒకే నమూనాను రెండు ప్రయోగశాలలకు పంపి, రెండు ఫలితాలకూ అయాన్ల లెక్క వేయండి. కొత్త బోర్ల సంఖ్య పెంచడం ఆ తరువాత చూడవచ్చు. రెండువందల బోర్ల నుంచి అజాగ్రత్తగా తెచ్చిన అంకెల కన్నా పన్నెండు బోర్ల నుంచి నాలుగు ఋతువుల్లో జాగ్రత్తగా తెచ్చిన అంకెలే మీ సంస్థకు ఉపయోగపడతాయి.

ఫలితాన్ని ముందుగా చెప్పవలసింది బోరు యజమానికి, గ్రామసభకు ఆ తరువాత. కిట్టు ఫలితం మీద మాత్రమే ఆధారపడి ఏ బోరునూ చెడ్డదని ప్రకటించవద్దు. పలుచన చేసి చూసి, ప్రయోగశాలలో ధ్రువపరచుకుని, ఏ నెలలో మోటారు ఎంతసేపు నడిచాక తీసిన నీటిదో కాగితం మీద రాసి ఇవ్వండి. ‘పనికిరాదు’ అన్న ఒక్క మాట రాయడం వల్ల ఆ ఇంటివారికి ఏమీ తెలియదు. తాగడానికి, వంటకు వద్దు. స్నానానికి, బట్టలకు, గిన్నెలకు వాడుకోవచ్చు. కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై మరింత చిక్కబడుతుంది. పొలానికి ఎన్నాళ్లు పారించవచ్చో మట్టి పరీక్ష చేయించి చెబుతాం అని విడివిడిగా రాయండి. ఆ కాగితం నకలు ఒకటి మీ పుస్తకంలో, ఆ బోరు పేజీకే అతికించి ఉంచండి.